పాలమూరులో టాటూ మేళా: ప్రయాణం, బస, స్టాళ్ల సంగతులు

హైదరాబాద్‌లో పెద్ద టాటూ ఎక్స్‌పోలు చూసినవాళ్లకు మహబూబ్‌నగర్ మేళా చాలా చిన్నదనిపిస్తుంది. ఒక ఫంక్షన్ హాల్, అందులో గోడల వెంట కొన్ని స్టాళ్లు, మధ్యలో కుర్చీలు, అంతే. నాకు మాత్రం ఈ చిన్నతనమే నచ్చింది. పెద్ద వాటిలో ఆర్టిస్టుతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా వెనక నుంచి జనం తోస్తుంటారు. ఇక్కడ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని, సూది ఎలా కదులుతుందో చూస్తూ, అడగాలనుకున్నవన్నీ అడిగాం.

హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండు దాకా వెళ్లకుండా ఆరాంఘర్ దగ్గరే బస్సెక్కాం. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి నాకూ చెల్లికీ ఖర్చు లేదు, ఆధార్ కార్డు దగ్గరుంటే చాలు. సీట్లు మాత్రం షాద్‌నగర్ దాటాకే దొరికాయి. కూర్చుని వెళ్లాలనుకుంటే కాచిగూడ నుంచి రైలు మేలు. సీతాఫలాల కాలం కావడంతో బాలానగర్ దగ్గర రోడ్డు పొడవునా గంపలే. ఆ ఊరి పేరుతోనే ఒక సీతాఫలం రకం దేశమంతా పేరు తెచ్చుకుంది. ఆ వైపు వెళ్తే కొనకుండా రాకండి.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ఫోన్లో ఇరవై నాలుగు గంటలూ వేడి నీళ్లన్నారు, తీరా చూస్తే పొద్దున ఎనిమిది దాటాక చల్లనీళ్లే. దుప్పట్లు అడిగాకే మార్చారు. మామూలు ప్రయాణమైతే సర్దుకుపోవచ్చు. కొత్త టాటూతో పడుకునే మనిషికి ఉతికిన దుప్పటి తప్పనిసరి, ఎందుకంటే అది పచ్చి గాయం లాంటిది కాదు, గాయమే. రూమ్ తీసుకునే ముందు పరుపు, బాత్రూమ్ కళ్లారా చూడండి. జడ్చర్లలో హైవే పక్క హోటల్లో దిగినవాళ్లు శుభ్రంగా ఉందన్నారు, కానీ రాత్రి షేర్ ఆటోలు దొరక్క ఇబ్బంది పడ్డారు. తిండికి ఏ లోటూ లేదు. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పొద్దున పల్లీ చట్నీతో ఇడ్లీ, అన్నీ బాగున్నాయి.

ఇక అసలు విషయం. చెల్లి తన ముంజేతికి నారాయణపేట చీర అంచు వేయించుకోవాలని ముందే అనుకుంది. వనపర్తి నుంచి వచ్చిన ఒక అమ్మాయి స్టాల్ దగ్గర కూర్చున్నాం. డిజైన్ల కన్నా ముందు ఆమె ఒక ఫారం ఇచ్చింది. పద్దెనిమిది నిండాయా, షుగర్ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని. రక్తదానం చేసే అలవాటుంటే, టాటూ వేయించుకున్నాక ఏడాది దాకా రక్తం ఇవ్వకూడదని కూడా నోటితో చెప్పింది. చేతులు కడుక్కుని, కొత్త గ్లవుజులు తొడుక్కుని, సీలు ఉన్న సూది కార్ట్రిడ్జి ప్యాకెట్‌ను మా కళ్ల ముందే చించింది. మెషీన్‌కు ప్లాస్టిక్ పొర చుట్టింది. రంగును సీసాలోంచి చిన్న మూతల్లోకి వంచుకుంది. సూది చర్మం రెండో పొర దాకా, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్లే దిగాలి. ఇంకా లోతుకు పోతే రంగు చెదిరి గీత మసకబారుతుంది. అంచులోని గుడి కొసలు ఒక్కొక్కటీ లాగుతున్నప్పుడు ఆమె ఊపిరి కూడా బిగబట్టేది. మధ్యలో కరెంటు పోయింది. వెంటనే చెయ్యి ఎత్తేసి, వేసినంత మేర శుభ్రమైన పొర కప్పి, జనరేటర్ వచ్చేదాకా కదల్లేదు. పని అయ్యాక సూది గట్టి డబ్బాలో పడింది, మిగిలిన రంగు చెత్తలోకి పోయింది.

ఇంకో స్టాల్‌లో సూదిని నేరుగా రంగు సీసాలోనే ముంచుతున్నారు. హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకునేది ఇలాంటి చోటే. నిర్వాహకులకు చెబితే వెంటనే వెళ్లి ఆపించారు, అది మెచ్చుకోవాలి. కానీ అంత హాలుకు చేతులు కడుక్కునే సింకు ఒక్కటే, అదీ భోజనాల వైపు. మధ్యాహ్నానికి సబ్బు కూడా లేదు. టాటూ మేళాలో ఇది చిన్న లోపం కాదు.

నాకు బాగా నచ్చిన మాట ఒక సీనియర్ ఆర్టిస్టు నోట విన్నాను. మెడ మీద పులి బొమ్మ కావాలని ఒక కుర్రాడు వచ్చాడు. "తమ్ముడూ, ఆర్మీకి ప్రిపేర్ అవుతున్నవా?" అని అడిగాడాయన. అవునన్నాడు. "అయితే నేను వెయ్య. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, లేదంటే అరచేతి వెనక, అంతవరకే ఒప్పుకుంటరు." పొద్దున్నే గ్రౌండ్లలో రన్నింగ్ కొట్టే పిల్లలున్న జిల్లా ఇది. చేతికొచ్చిన డబ్బు వదులుకుని అలా చెప్పినవాడి దగ్గరికే నేను ఎవరినైనా పంపుతాను.

దేవరకొండ వైపు నుంచి పచ్చబొట్లు పొడిచే అవ్వను కూడా పిలిపించారు. ఆమెతో ఎవరికీ పొడిపించలేదు, అది సరైన పనే. దారంతో కలిపి కట్టిన సూదులు చూపించి, చుక్కలూ తేలూ కాగితం మీద గీసి చూపించింది. "మా కాలంల గీ రంగులెక్కడివి బిడ్డా? దీపం మసి, ఆకుపసరు, గంతే" అంది. ఆమె ముంజేతి మీది చుక్కలు ఆకుపచ్చగా మారి, ముడతల్లో కలిసిపోయినా లెక్కపెట్టేలా ఉన్నాయి. అలాంటి మనిషిని భోజనాల తలుపు పక్కన, ఫ్యాన్ లేని మూలలో కూర్చోబెట్టడం నాకు చాలా బాధనిపించింది. స్టేజీ ముందు కూర్చోవాల్సిన మనిషి ఆమె. వనపర్తి అమ్మాయి తన తీరిక వేళలో వచ్చి, అవ్వను అడిగి, తేలు డిజైన్‌ను స్టెన్సిల్ కాగితం మీదికి ఎత్తుకుని డబ్బులు చేతిలో పెట్టింది. అవ్వ నోటు కొంగున ముడేసుకుని, తోక వంపు సరిగా రాలేదని మళ్లీ గీయించింది.

మర్నాడు పిల్లలమర్రికి వెళ్లాం. సుమారు 700 ఏళ్ల మర్రి, ఊరికి దగ్గరే. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో కొమ్మలకు మందెక్కించి బతికించారు. ఎండ తగలకుండా చెల్లి పొడుగు చేతుల కుర్తా వేసుకుంది.

ఆలంపూర్ కూడా కలుపుకోవాలనుకుంటే ముందు అక్కడికే వెళ్లండి. తుంగభద్రలో స్నానం, జోగులాంబ దర్శనం చేసుకుని, తిరిగొచ్చేటప్పుడు మహబూబ్‌నగర్‌లో దిగండి. టాటూ అయ్యాక రెండు మూడు వారాలు నదిలో గానీ చెరువులో గానీ మునగకూడదు.