బాదం కాలికి కీహోల్ ఆపరేషన్: మా అనుభవం

మా అమ్మాయి గుర్రం పేరు బాదం. పదమూడేళ్ల వాడు, క్వార్టర్ హార్స్ అనే జాతి. డాలస్‌కి ఉత్తరాన ఆబ్రీ దగ్గర ఒక బార్న్‌లో ఉంచుతున్నాం. ఐదు నెలల క్రితం వాడి ఎడమ వెనక కాలికి కీహోల్ ఆపరేషన్, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసేది, చేయించాం. ఇక్కడ గుర్రాలున్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

గిట్టకు పైన ఉండే కీలును ఫెట్‌లాక్ అంటారు. దాని వెనక నుంచి రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) ఒక తొడుగులో కిందికి దిగుతాయి. ఆ తొడుగును పట్టి ఉంచే అడ్డ పట్టీయే ఆన్యులర్ లిగమెంట్. మామూలుగా దాని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. అది దళసరెక్కితే, వాచిన వేలికి ఉంగరం బిగిసినట్టే, లోపలి టెండన్లకు కదలడానికి చోటుండదు. బాదం కాలు పక్క నుంచి చూస్తే కీలు పైనా కిందా ఉబ్బి, మధ్యలో దారంతో బిగించి కట్టినట్టు నొక్కు ఉండేది. నడకలో పెద్దగా తెలిసేది కాదు. ట్రాట్ (నెమ్మది పరుగు) చేయిస్తే మాత్రం ఎడమ తుంటి పైకి ఎగిరేది, పని చేయించేకొద్దీ ఇంకా ఎక్కువయ్యేది.

మొదట చూసిన వెట్ (పశువుల డాక్టర్) స్కానింగ్ లేకుండానే ఆ తొడుగులోకి రెండుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇచ్చినప్పుడల్లా మూడు వారాలు బాగుండి మళ్లీ కుంటు మొదలయ్యేది. అలా ఎనిమిది నెలలు పోయాయి. ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత వెళ్లిన హాస్పిటల్‌లో సర్జన్ ముందు ఆ తొడుగు వరకే మత్తిచ్చి, కుంటు తగ్గడం చూసి నొప్పి అక్కడిదేనని తేల్చుకుని, అప్పుడు అల్ట్రాసౌండ్ తీసింది. లిగమెంట్ 6 మిల్లీమీటర్లు ఉంది.

ఆపరేషన్ కంటే, దానికోసం ఇచ్చే పూర్తి మత్తుకే మేం ఎక్కువ భయపడ్డాం. ఇలాంటి ఆపరేషన్లలో మత్తు వల్ల చనిపోయేవి నూటికి ఒకటి లోపేనని సర్జన్ చెప్పింది. కానీ ఆ ఒక్కటీ మన గుర్రమైతే? ఆ రాత్రి మా అమ్మాయి నిద్రపోలేదు. పొద్దున్నే నాడాలు తీసేశారు, ఊపిరి గొట్టం వేసేముందు నోట్లో గడ్డి లేకుండా కడిగారు. ఆపరేషన్ యాభై నిమిషాలు పట్టింది. అయ్యాక వీడియో చూపించారు. నాలుగు మిల్లీమీటర్ల కెమెరాలో టెండన్ తెల్లగా, తడి పట్టుతాడులా మెరుస్తోంది. గాడి ఉన్న సన్నటి గొట్టంలోంచి కొక్కెం లాంటి కత్తిని నెమ్మదిగా వెనక్కి లాగితే, ఆ మందపాటి పట్టీ నిలువునా విడిపోయి రెండు అంచులూ దూరం జరిగాయి. లోపల అప్పటికే టెండన్‌కీ తొడుగుకీ మధ్య కొన్ని అతుకులు పడ్డాయట (ఒకదానికొకటి అంటుకుపోవడం), వాటినీ తీసేసింది. ఇంకా ముందు తెచ్చి ఉంటే బాగుండేదని అంది. పైకి కనిపించేవి సెంటీమీటరు గాట్లు రెండే.

మెలకువ వచ్చేటప్పుడు గోడలకు మెత్తలు కట్టిన గదిలో, తలకీ తోకకీ తాళ్లు కట్టి పట్టుకున్నారు. మొదటిసారి లేవబోయి కూలబడ్డాడు. రెండోసారి లేచి నిలబడేదాకా నేను ఊపిరి పీల్చుకోలేదు.

ఇక ఫిర్యాదులు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఒకచోట పూర్తి విశ్రాంతి అని, ఇంకోచోట నడిపించండి అని ఉంది. ఫోన్ చేస్తే గానీ తేలలేదు. మూడో రోజు నుంచి పూటకు ఐదు నిమిషాలు చేత్తో పట్టుకుని నడిపించాలి, లేకపోతే మళ్లీ అతుకులు పడతాయి. ఇంత ముఖ్యమైన మాటను పెద్ద అక్షరాలతో రాసివ్వాలి కదా! అంచనా 3,800 డాలర్లు చెప్పారు, బిల్లు 4,600 అయింది. కట్లు, పట్టీల సామానుకి విడిగా వేశారు.

ఇవి పక్కన పెడితే పని మాత్రం చాలా శుభ్రంగా చేశారు. పన్నెండో రోజు కుట్లు తీశారు, చీము లేదు, గాయం విచ్చుకోలేదు. వాపు కొంచెం మిగిలింది. మీ గుర్రానికి ఇలాంటి నొక్కు కనిపిస్తే ఇంజెక్షన్‌కి ముందు స్కానింగ్ తీయమని పట్టుబట్టండి. టెండన్ కూడా చిరిగి ఉంటే ఫలితం ఇంత బాగుండకపోవచ్చు, అది ముందే తెలియాలి.

నిన్న మా అమ్మాయి ఎక్కి ఇరవై నిమిషాలు ట్రాట్ చేయించింది. నేను కంచె దగ్గర నిలబడి వాడి తుంటినే చూస్తూ ఉన్నాను. రెండు పక్కలా సమానంగా ఆడింది.