జీడిపప్పా, బాదమా: రోజూ తినడానికి ఏది మేలు?

"జీడిపప్పు మానేసి బాదం మొదలుపెట్టాలా?" నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. వెనకే "జీడిపప్పులో కొలెస్ట్రాల్ ఉంటుందటగా" అనే అనుమానం కూడా వస్తుంది. ఉండదు. మొక్కల నుంచి వచ్చే ఏ గింజలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. ఉండేది కొవ్వు. జీడిపప్పులో అది 100 గ్రాములకు 44 గ్రాములు, బాదంలో 50. అంటే ఆ లెక్కన బాదంలోనే కొవ్వు ఎక్కువ!

కేలరీల్లో పెద్ద తేడా లేదు: 100 గ్రాములకు జీడిపప్పు 553, బాదం 579. ప్రొటీన్ 18, 21 గ్రాములు. ఇంత దగ్గరగా ఉన్న అంకెలు పట్టుకుని గంటలు వాదించుకోవడం అనవసరం.

నా దృష్టిలో తేల్చేది పీచు. 28 గ్రాములు, అంటే ఓ గుప్పెడు బాదంలో మూడున్నర గ్రాముల పీచు ఉంటుంది. అంతే జీడిపప్పులో ఒక గ్రాము కూడా లేదు. బాదం పొట్టుతో సహా తింటాం, నములుతూ కూర్చోవాలి, పది గింజలకే చాలనిపిస్తుంది. జీడిపప్పు అలా కాదు. మెత్తగా, తియ్యగా జారిపోతుంది, డబ్బా సగమయ్యాక గాని చెయ్యి ఆగదు (నా చెయ్యయితే అసలు ఆగదు). దానికి తోడు ఇందులో పిండిపదార్థం ఎక్కువ. వేడినీళ్లలో నానబెట్టి రుబ్బితే వెన్నలా వచ్చి కూర చిక్కబడేది అందుకే. విటమిన్ ఇ, కాల్షియం కూడా బాదంలోనే బాగా ఎక్కువ. కాబట్టి రోజూ తినడానికి నా ఓటు బాదానికే.

అలాగని జీడిపప్పుని తీసిపారేయలేం. ఇనుము, జింకు బాదంలో కన్నా ఎక్కువ. పెద్దవాళ్లకి రోజుకి కావలసిన రాగిలో మూడింట రెండు వంతులు ఓ గుప్పెడులోనే వస్తుంది. మెగ్నీషియంలో రెండూ సమానమే అనుకోవచ్చు. వేరుశనగ ప్రొటీన్‌లో రెండింటినీ మించుతుంది, చవక కూడా. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

పప్పే కాకుండా గింజలో ప్రతి భాగం ఎంత పనికొస్తుందో చూస్తే మాత్రం జీడి ముందు బాదం నిలవదు. పచ్చి జీడిగింజ బరువులో పప్పు మూడో వంతు కూడా ఉండదు, మిగిలినదంతా చాలావరకు పెంకే. ఆ పెంకు లోపల తేనెపట్టులాంటి గదుల్లో నల్లటి జిగట నూనె ఉంటుంది. చేతికి తగిలితే బొబ్బలెక్కుతాయి. అందుకే గింజల్ని ముందు ఆవిరిలో ఉడికించో వేయించో తర్వాత పగలగొడతారు. "పచ్చి" అని అమ్మే పప్పు కూడా అలా వేడి తగిలినదే. ఆ నూనెలోని అనకార్డిక్ ఆమ్లాన్ని వేడిచేస్తే కార్డనాల్ అనే రసాయనం అవుతుంది. బ్రేకుల లైనింగులకి, పెయింట్లకి, రెజిన్లకి వాడేది దాన్నే. నూనె తీసిన పిప్పి బాయిలర్లలో మండుతుంది. పప్పు మీది ఎర్రటి పొట్టు వగరు, దాన్నిండా ఆ వగరునిచ్చే టానిన్లనే పదార్థాలే. తోళ్లు పదును చేయడానికి పనికొస్తుంది.

పప్పు పక్కనపెడితే, డబ్బు పరంగా నూనెదే పైచేయి. కానీ నాకు బాధనిపించేది జీడిమామిడి పండు గురించి. అందులో విటమిన్ సి నారింజకి మూడు నాలుగు రెట్లు. అయినా గింజ తెంపుకుని పండుని చెట్టు కిందే వదిలేస్తారు. కోసిన మర్నాటికే మెత్తబడి పులిసిపోతుంది, పైగా కొరికితే గొంతు పట్టేస్తుంది. ఆ వగరుకి విరుగుడు తేలికే: రసంలో సగ్గుబియ్యం గంజి కలిపి కదపకుండా ఉంచితే టానిన్లు దానికి పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైన తేరిన రసం వడకట్టి తాగితే గొంతు పట్టదు.