న్యూయార్క్ నుంచి సౌతాంప్టన్: రోజూ పన్నెండుకే ఒంటిగంట

ముందే చెప్తాండా, ఓడ మీద నాకు పెద్ద కోపం లేదు. కోపమంతా కడపలో టికెట్లు తీసిచ్చిన ఏజెంటు మీద.

అమెరికాలో న్యూయార్క్ దగ్గరుండే ఎడిసన్‌లో మా బిడ్డ ఇంట్లో మూడు నెలలుండి పోయిన జూన్‌లో తిరిగొచ్చినాం. అంతకు ముందుసారి విమానంలో వచ్చి పది రోజులు దయ్యం పట్టినోళ్ల మాదిరి తిరిగినాం. అర్ధరాత్రి రెండు గంటలకు ఇద్దరమూ లేచి కూర్చుని ఉప్మా చేసుకుని తిన్న రోజులు కూడా ఉన్నాయి. ఆ మాట చెబితే ఏజెంటు నవ్వి, "సార్, ఈసారి న్యూయార్క్ నుంచి ఇంగ్లండు దాకా ఓడలో రాండి. రోజుకో గంట మెల్లగా మారుతుంది, మీకు తెలియనే తెలియదు. లోపలి గది తీసుకోండి, చీకటిగా ఉంటుంది, హాయిగా నిద్ర పడుతుంది" అన్నాడు. మనిషికి 1,380 డాలర్లు, ఆయన సర్వీసు ఛార్జీ 8,000 రూపాయలు. లండన్ నుంచి బెంగళూరు విమానం ఖర్చు, ఇంగ్లండు వీసా ఖర్చు వేరే.

లెక్క ప్రకారం ఆయన చెప్పింది అబద్ధం కాదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. న్యూయార్క్ 74 డిగ్రీల పడమర, ఓడ దిగే ఇంగ్లండు రేవు సౌతాంప్టన్ ఒకటిన్నర డిగ్రీ. మధ్యలో దాదాపు ఐదు గంటలు. ఆయన దాచిపెట్టిన సంగతి వేరే ఉంది. ఇంగ్లండు నుంచి అమెరికాకు పోయేవాళ్లకు రోజుకు 25 గంటలు, అంటే ఒక గంట నిద్ర ఎక్కువ. మా మాదిరి తూర్పుకు వచ్చేవాళ్లకు 23 గంటలే. మన ఒంట్లో గడియారం చాలామందికి 24 గంటల కంటే కొంచెం ఎక్కువే నడుస్తుంది కాబట్టి దాన్ని సాగదీయడం సులభం, కుదించడం కష్టం. ఇది నేను ఓడెక్కినాక, మా భోజనం బల్ల దగ్గర కూర్చునే ఒక రిటైర్డ్ నర్సమ్మ చెబితే తెలిసింది.

శుక్రవారం సాయంత్రం ఓడ కదిలింది. విగ్రహం, వంతెన, ఫోటోలు, అన్నీ అయినాయి.

శనివారం నుంచి మొదలైంది తమాషా. అర్ధరాత్రి పూట గంట కోస్తే నిద్ర చెడుతుందని ఆ ఓడలో మిట్టమధ్యాహ్నం కోస్తారు. సరిగ్గా పన్నెండుకు మైకులో చెప్పి ఒంటిగంట చేసేస్తారు. ఉదయం ఎనిమిదిన్నరకు ఇడ్లీకి బదులు ఏదో గుడ్డూ బ్రెడ్డూ తిన్నవాడిని, ఆకలి మొహమే చూడకముందే భోజనానికి పిలుస్తారు. మా ఇంటావిడకు మాత్రం ఆ రోజు పండగ. శనివారం ఒక్కపొద్దు ఆమెకు. "వెంకటరమణస్వామి దయ, గంట తగ్గించినాడు" అనింది. ఆ వారంలో గడియారం మీద ఆమె మెచ్చుకున్నది అదొక్కటే.

ఎందుకంటే మా గదికి కిటికీ లేదు. దీపం ఆర్పితే పొద్దున ఆరూ ఒకటే, రాత్రి పదకొండూ ఒకటే. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంట్లో గడియారం ముందుకు జరుగుతుందట, మాకేమో ఆ వెలుతురే లేదు. మూడో రోజు సోమవారం పదకొండున్నరకు అట్లా ఒరిగి, లేచి చూస్తే నా ఫోను ఒంటిగంట ఇరవై చూపిస్తాంది. విమానం మోడ్‌లో పెట్టమన్న బిడ్డ మాట విని పెట్టినందుకు, అది న్యూయార్క్ టైము దగ్గరే ఆగిపోయింది. ఓడ టైము నాలుగుంబావు! మాకోసం ముందురోజే చెప్పి చేయించుకున్న పప్పూ అన్నం పెట్టే హాలు రెండున్నరకే మూసేసినారు. రిసెప్షన్‌లో అమ్మాయి మొహం ఎత్తకుండానే "మైకులో చెప్పినాం కదా" అనింది. మైకు వరండాలో మోగుతుంది, గదిలో వినపడదమ్మా అంటే మాట్లాడలేదు.

ఆకలికి మా ఆవిడకు కోపం, నాకు షుగరు భయం. అప్పుడు గోవా పిల్లోడొకడు, హాల్లో వడ్డించేవాడు, మమ్మల్ని చూసి లోపలికి పోయి వాళ్ల సిబ్బంది వండుకున్న అన్నం, చేపల పులుసు తెచ్చినాడు. ఆమె తినదు కదా, ఆమెకు వేరేగా పెసరపప్పు, నిమ్మకాయ ఊరగాయ. లక్షల ఓడలో ఆ వారం తిన్న అన్ని తిండ్లలోకీ అదే తిండి. దిగేటప్పుడు వాడి చేతిలో 40 డాలర్లు పెట్టినా. రోజుకు మనిషికి 17 డాలర్ల చొప్పున ఓడవాళ్లు ముందే బిల్లులో వేసేసుకున్న టిప్పు 238 డాలర్లు దీనికి అదనం.

మంగళవారం ఇంకో తగాదా. ఆమె వాచీ మొదటినుంచీ ఇండియా టైములోనే ఉంది, వాళ్లమ్మకు ఫోను చేయడానికి. తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి రోజుకొకటి తగ్గి ఆ రోజుకు ఐదున్నరకు వచ్చింది. ఆ అరగంట మాత్రం ఎక్కడికీ పోదు, అది మనది. "ఇప్పుడు రాహుకాలం ఎవరి లెక్కన చూడాలండీ?" అనింది. రాహుకాలం సూర్యోదయం నుంచి కదా లెక్క, ఇక్కడ పొద్దు ఎప్పుడు పొడిచిందో మనం చూడనే లేదు అన్నా. మన కడపలోనే సూర్యుడు నడినెత్తికొచ్చేది గడియారంలో పన్నెండుకు కాదు, దాదాపు పన్నెండుంబావుకు. క్యాలెండరులో అచ్చేసిన మూడు, నాలుగున్నర ఇక్కడ నమ్మేదెట్లా? "మరి రాహువు కూడా పన్నెండుకు గంట జరుపుకుంటాడా?" అని అడిగి, మూడు గంటల సేపు నాతో మాట్లాడలేదు. వాచీ ప్రకారమా, ఓడ ప్రకారమా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఐదో కోత బుధవారం. గురువారం ఏ మార్పూ లేదు, ఆ ఒక్కరోజే ఇద్దరమూ నిద్రపోయినాం.

పోదలచినవాళ్లకు నా మాట. ఓడలో పోవాలనుంటే ఇంగ్లండు నుంచి అమెరికాకు పోండి, తిరిగి విమానంలో రాండి. కిటికీ గదికి మనిషికి ఇంకో 240 డాలర్లే అని ఓడలో తెలిసింది, దిక్కుమాలిన పిసినారితనం చేయొద్దు. వాచీ ఒకటి కొనుక్కుని ప్రతి మధ్యాహ్నం చేత్తో తిప్పుకోండి, ఫోనును నమ్మొద్దు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు 23 గంటల రోజుకు డోసు ఎట్లా సర్దుకోవాలో పోయే ముందే డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకోండి, నేను రాయించుకోబట్టి బతికిపోయినా.

బెంగళూరులో దిగి మదనపల్లె, రాయచోటి మీదుగా కారులో వచ్చినాం, 5,500. విమానం మిగిల్చిన నాలుగున్నర గంటల తేడాకు ఇంకో నాలుగు రోజులు తూలినాం. ఐదో రోజు ఏజెంటు దగ్గరికి పోయి కూర్చున్నా. అంతా విని, "సార్, ఈసారి అటునుంచి ఇటు కాకుండా ఇటునుంచి అటు వేద్దాం, మీకు పది శాతం తగ్గిస్తా" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆవిడ కారం దోశ తిప్పుతా, "వాడిని ముందు కిటికీ లేని గదిలో పడుకోమనండి" అనింది.