సైన్స్ ప్రాజెక్టు కోసం కలంకారీ వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చాం

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా తొమ్మిదో తరగతి వాళ్లు ఈసారి ప్రాజెక్టుకి సహజ రంగులు ఎంచుకున్నారు కాబట్టి డ్రాయింగ్ మాస్టారు, నేను కలిసి 22 మందిని శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ కళాకారుల ఇంటికి రెండు రోజుల వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాం.

సైన్స్ వరకూ వంక పెట్టడానికి లేదు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో నానబెట్టి ఆరేసిన గుడ్డలు ముందే సిద్ధంగా ఉంచారు. ఇనుప ముక్కలు, బెల్లం వేసి చాలా రోజులు మాగబెట్టిన నీళ్లు చూడ్డానికి పల్చటి టీలా ఉన్నాయి, వెదురు కలంతో గుడ్డ మీద గీయగానే కళ్ల ముందే నల్లబడ్డాయి. ఒకమ్మాయి అదే కలంతో తన తెల్ల కర్చీఫ్ మీద గీసింది, నలుపు రాలేదు. అంతే, ఇక ప్రశ్నలే ప్రశ్నలు! రహస్యం కరక్కాయలోనే ఉందని వాళ్లే పట్టేశారు, అందులోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తేనే ఆ నలుపు వస్తుందని చెప్పడం ఒక్కటే నాకు మిగిలింది. పాలు ఎందుకని అడిగితే ఆ ఇంటి పెద్దాయన "కొవ్వు లేకపోతే రంగు పాకిపోతుందమ్మా" అని పాలు పట్టించని గుడ్డ మీద గీసి చూపించారు. రెండో రోజు పటిక నీళ్లతో గీసిన చోట ముందు ఏమీ కనిపించలేదు, మంజిష్ఠ వేరుతో ఉడికించి ఉతికాక సరిగ్గా అక్కడే ఎరుపు నిలిచింది.

బొమ్మల విషయంలోనే నాకు బాధ. మా పిల్లలు మా ఊరి చెరువు కొంగల్ని నెల రోజులు చూసి స్కెచ్‌లు వేసుకొస్తే, ఆ కళాకారులు అందరికీ ఒకే నెమలి బొమ్మ ఇచ్చి దాని మీదే దిద్దమన్నారు. మాస్టారు గట్టిగా అడిగాకే చివరి పూట సొంత బొమ్మలకు ఒప్పుకున్నారు. కలానికి చుట్టిన ఉన్నిని ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతుందో కొంగ సన్నటి కాలు గీసేటప్పుడే పిల్లలకు తెలిసొచ్చింది, నెమలి దిద్దుతున్నంతసేపూ ఎవరూ అంత ఊపిరి బిగబట్టి గీయలేదు.

మనిషికి 500 తీసుకున్నారు, భోజనంతో కలిపి. వెళ్లేవాళ్లు సొంత బొమ్మల సంగతి ఫోన్లోనే మాట్లాడుకోండి, ఆమ్లమో క్షారమో చూపే పీహెచ్ పేపర్లు పట్టుకెళ్లండి, గుడ్డలు ఆరాలి కాబట్టి వానాకాలం వద్దు. మేం జనవరిలో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి మూడు రోజులకు మాట్లాడుకున్నాం, మొదటి రోజే కొంగలు.