ఆర్కైవ్ (arXiv) ప్రీప్రింట్ సర్వర్: తేలికే, కానీ తప్పుల్ని దాచనివ్వదు

ప్రీప్రింట్లను, అంటే జర్నల్‌లో అచ్చవకముందే బయటపెట్టే పరిశోధన పత్రాలను, అందరికీ అందుబాటులో ఉంచే ఈ సర్వర్‌ను 1991లో భౌతికశాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ అమెరికాలోని లాస్ అలమోస్‌లో మొదలుపెట్టారు; ఇప్పటికీ ఉచితమే. సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో పేపర్ ముందు ఇక్కడికే వస్తుంది, జర్నల్ సంగతి తర్వాత. పేపర్‌ను లోతుగా పరీక్షించే రిఫరీలు లేరు, వడపోత పైపైనే. కొత్తవాళ్లకు ఎండార్స్‌మెంట్, అంటే ఇప్పటికే అక్కడ పేపర్లు పెట్టినవాళ్ల సిఫారసు, కావాలి; గైడ్‌ని అడగడం మేలు.

లేటెక్‌లో (సమీకరణాలున్న పేపర్లు టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) రాసి పీడీఎఫ్ ఒక్కటే ఎక్కిస్తే తిప్పికొడుతుంది, సోర్స్ (మీరు టైప్ చేసిన అసలు ఫైలు) ఇవ్వాల్సిందే. ఆ సోర్స్‌ను ఎవరైనా దించుకోవచ్చు! పీడీఎఫ్‌లో కనిపించకుండా శాతం గుర్తు (%) వెనక రాసుకున్న ‘ఈ గుణకం మళ్లీ చూడాలి’ లాంటి మాటలు లోకమంతా చదువుతుంది. ముందే చెరిపేయండి. ఒకసారి ప్రకటించాక తొలగించడం కుదరదు. విత్‌డ్రా చేసినా పాత వెర్షన్ అలాగే ఉంటుంది.

రోజువారీ గడువు అమెరికా తూర్పు తీర సమయం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలు. అది దాటిన క్షణంలోనే పంపి, మర్నాటి కొత్త పేపర్ల లిస్టులో పైన నిలవాలని కాచుక్కూర్చునేవాళ్లూ ఉన్నారు.