ఎముకల ఐసోటోప్ పరీక్ష సర్వీసు: పని గట్టిది, రిపోర్టు పొట్టిది

కొండల్లో దొరికిన పాత ఎముకల్లోని ఐసోటోపుల్ని, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల్ని, కొలిచి అప్పటివాళ్ల తిండి తేల్చే పరీక్ష ఇది. కోనసీమ నుంచి కొరియర్‌లో పంపితే చాలు. ఐదుకి మూడున్నర మార్కులు.

ఎముకలోని ప్రోటీన్ అయిన కొలాజెన్‌ని తీసే చోట వంక పెట్టడానికి లేదు. ముక్క పైపొర గీకేసి, 0.5 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి ఫ్రిజ్‌లో పెడతారు. తొందరపడరు. ఖనిజం కరిగాక ఎముక జున్నుముక్కలా మెత్తబడి, నొక్కితే వంగుతుంది. మట్టి నుంచి పట్టిన హ్యూమిక్ ఆమ్లాలు పోయేలా పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగి, పీహెచ్ 3 నీళ్లలో 70 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచి, వడగట్టి, గడ్డకట్టించి ఆరబెడతారు. చివరికి మిగిలేది దూదిపింజ లాంటి తెల్లటి పదార్థం. మెషీన్లోకి వెళ్లేది అందులో అర మిల్లీగ్రామే.

చిక్కంతా రిపోర్టుతోనే. మామూలు రేటుకి కార్బన్, నైట్రోజన్ ఐసోటోప్ విలువలు, ఒక ముక్క వ్యాఖ్యానం ఇస్తారు. కొలాజెన్ దిగుబడి, కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి అడిగితేనే వస్తాయి. అడగాల్సిందే. దిగుబడి ఎముక బరువులో 1 శాతం దాటి, నిష్పత్తి 2.9–3.6 మధ్య ఉంటేనే ఆ అంకెని నమ్మొచ్చు.

వ్యాఖ్యానంలో "రాగులు తిన్నారు" అని రాసెయ్యడం మరీ అతి. గాలిలోని కార్బన్‌ని పట్టుకునే తీరుని బట్టి వరి సి3 రకం పంట; రాగి, జొన్న, సామ సి4 రకం. వరి మీద బతికినవాళ్ల కొలాజెన్‌లో కార్బన్ ఐసోటోప్ విలువ వెయ్యికి మైనస్ 20 చుట్టుపక్కల ఉంటుంది, సి4 తిండే అయితే మైనస్ 8 దాకా ఎక్కుతుంది. అంతవరకే. రాగో జొన్నో విడదీయలేం. జొన్నచొప్ప మేసిన మేక మాంసం తిన్నా సి4 గుర్తే పడుతుంది. అందుకే మారేడుమిల్లి వైపు కొండల మనుషుల ఎముకలు పంపితే, పోల్చి చూడ్డానికి అదే పొరలో దొరికిన మేక ఎముక కూడా జత చెయ్యండి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లోనూ ఇదే లెక్క: మొక్కజొన్న సి4; బంగాళాదుంప, క్వినోవా గింజలు సి3. నైట్రోజన్ ఐసోటోప్ విలువ ఎక్కువ కనపడగానే మాంసం అనుకోకండి, పేడ ఎరువు వేసిన చేలోని గింజలూ దాన్ని పెంచుతాయి.

ప్యాకింగ్: ఒక గ్రాము చాలు. మన ఉక్కకి ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే బూజు పట్టేస్తుంది. నీడన ఆరబెట్టి, కాగితంలో చుట్టి, సిలికా జెల్ వెయ్యండి. ఫెవికాల్ రాసిన ముక్కలు వద్దు, జిగురులోని కార్బన్ కూడా లెక్కలో కలుస్తుంది.

డెల్టా మట్టిలో దొరికినవైతే వేడికీ చెమ్మకీ కొలాజెన్ మిగలడం కష్టం. ముందు కాస్త ఎముక పొడిలో నైట్రోజన్ శాతం చూడమనండి. తాజా ఎముకలో 4 దాకా ఉంటుంది, 0.7 కంటే దిగితే పంటి ఎనామెల్ పరీక్షకి మారడం మేలు. ఫారంలో దానికి గడి లేదు, రిమార్కుల్లో రాయాలి.