మనస్థితి అడిగే యాప్: మూడు నెలల వాడకం తర్వాత

ఉద్యోగుల మనస్థితిని రోజూ నమోదు చేసే ఒక యాప్‌ను మా సంస్థ మూడు నెలల క్రితం మా బృందంలోని ఆరుగురి ఫోన్లలోనూ పెట్టించింది. దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఈ తరహా యాప్‌ను తమ కార్యాలయంలో ప్రవేశపెట్టాలని ఆలోచిస్తున్నవారి కోసమే ఈ సమీక్ష.

పని ముగిసే వేళకు తెరపై ఒక చతురస్రం కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికి వెళ్లే కొద్దీ అసంతోషం సంతోషంగా మారుతుంది; కింది నుంచి పైకి వెళ్లే కొద్దీ మందకొడితనం ఉద్రేకంగా మారుతుంది. మన స్థితికి దగ్గరగా ఉన్నచోట వేలితో తాకి చుక్క పెట్టి, కారణాన్ని ఒక్క వాక్యంలో రాయాలి. 1980లో జేమ్స్ రసెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించిన నమూనాకు ఇది సరళమైన రూపం. మొదట పిల్లల ఆటలా అనిపించింది గానీ, కోపమూ ఆందోళనా ఎడమవైపు పై మూలన, నిరుత్సాహం అదే వైపు కింది మూలన పడడం చూశాక, "ఏం బాగాలేదు" అనే ఒక్క మాటలో ఎన్ని వేర్వేరు స్థితులను కుక్కేస్తున్నానో అర్థమైంది.

నా దృష్టిలో యాప్ విలువంతా ఆ కారణం రాసే వాక్యంలోనే ఉంది. పనిచోట రోజూ జరిగే చిన్న సంఘటనలు భావోద్వేగాలను రేపుతాయనీ, వాటి ప్రభావం ప్రవర్తన మీద పడుతుందనీ 1996లో హోవార్డ్ వైస్, రసెల్ క్రొపాన్‌జానో అనే పరిశోధకులు ఒక సిద్ధాంతంగా వివరించారు. రెండో వారం నేను రాసుకున్నవి తిరగేస్తే, ఐదు రోజుల్లో నాలుగు రోజులు ఒకే కారణం కనిపించింది: సమీక్షా సమావేశంలో నా మాట పూర్తికాకముందే ఒక సహోద్యోగి అందుకోవడం. అంతవరకూ నా చిరాకుకు పనిభారమే కారణమని గట్టిగా నమ్మాను. ఆ నాలుగు రోజులూ సమావేశం ముగిసిన వెంటనే నేను పంపిన మెయిళ్లు తీసి చూస్తే అన్నీ ముక్తసరిగా, దాదాపు కసురుకున్నట్టుగా ఉన్నాయి. వాటిని అందుకున్నది కొత్తగా చేరిన అమ్మాయి. ఆమె ఆ సమావేశానికి రానే రాదు. కొన్నాళ్లుగా ఆమె నన్ను సందేహాలు అడగకపోతే, పని నేర్చుకుందని సంతోషించాను కూడా. విషయం చెప్పి క్షమించమని అడిగిన తర్వాతే ఆమె మళ్లీ అడగడం మొదలుపెట్టింది.

ఇక అసలు లోపం. వారానికొకసారి బృందం మొత్తం మీద ఒక నివేదిక మేనేజర్‌కు వెళ్తుంది. పేర్లు ఉండవు నిజమే, కానీ ఆరుగురిలో ఎవరి చుక్క ఎవరిదో ఊహించడం ఏమంత కష్టం? నాలుగో వారంలో మేనేజర్ గారు, మంచి ఉద్దేశంతోనే, "ఎవరో బాగా దిగులుగా ఉన్నారు, చెబితే సాయం చేస్తాను" అన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. మరుసటి వారం నివేదికలో చుక్కలన్నీ కుడివైపుకు చేరాయి. నాదీ అక్కడే ఉంది. పరిస్థితి మెరుగుపడిందని ఆయన మమ్మల్ని మెచ్చుకున్నారు.

విమాన పరిచారికలను అధ్యయనం చేసిన ఆర్లీ హాక్‌షీల్డ్, జీతం కోసం భావాలను అదుపు చేసుకోవడం కూడా శ్రమేనని 1983లో రాశారు. లోపల లేనిదాన్ని ముఖంపై నటించడం, లోపలి భావాన్నే మార్చుకోవడానికి ప్రయత్నించడం వేర్వేరని కూడా ఆమె చూపారు. మాకు మొదటిది బాగా అలవాటే. వినియోగదారుల ముందు రోజంతా నవ్వినది చాలక, ఇంటికి వెళ్లేముందు ఈ చతురస్రం ఎదుట కూడా ఒకసారి నవ్వవలసి వచ్చింది.

యాప్ ఇచ్చే సలహాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కారణం ఏది రాసినా దీర్ఘంగా ఊపిరి తీసుకోమంటుంది. మాట మధ్యలో అందుకునే మనిషికి నా ఊపిరితో ఏం పని? ఆయనతో నేరుగా మాట్లాడడమే పనిచేసింది. తనకు ఆ అలవాటు ఉందని ఆయనకే తెలియదట. రాసుకున్న పాత వాక్యాలను వెతికే సౌకర్యం మాత్రం చక్కగా ఉంది.

సొంత దినచర్యగా వాడుకుంటే 5కు 4 ఇస్తాను. పైవారికి నివేదిక పంపే సాధనంగా అయితే 1. ఆ నివేదికను ఆపే వీలుంది గానీ, అది సంస్థ తరఫున యాప్‌ను నిర్వహించేవారి చేతిలోనే ఉంటుంది. మేము కోరగా రెండో నెల చివర ఆపించారు. ఆ తర్వాత వచ్చిన మొదటి సోమవారం నా చుక్క మళ్లీ ఎడమవైపు పై మూలకు వెళ్లింది.